తాతగారి ట్రంకుపెట్టెలో పాత సినిమా పోస్టర్లు, పాటల పుస్తకాలు దొరికాయి. ఎలా కాపాడుకోవాలి?

శ్రావణి_తెనాలి | జనవరి 17, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ అందరూ రాసేవి చదువుతున్నాను కానీ నేను రాయడం ఇదే మొదటిసారి.

మా తాతగారు తెనాలి, రేపల్లె చుట్టుపక్కల ఊళ్లలో డేరా హాలు నడిపేవారు. ఆయన పోయేనాటికి నాకు నాలుగేళ్లు. ఈ సంక్రాంతికి ఊరెళ్లాం. పాత పెంకుటిల్లు పడగొట్టిస్తున్నారు. అటక మీంచి ఒక ట్రంకుపెట్టె దించితే పాత బట్టలేమో అనుకుని మూత తీశాం. నిండా సినిమా కాగితాలే. మడతలు పెట్టిన వాల్ పోస్టర్లు 14, పాటల పుస్తకాలు నలభై పైన, గులాబీ రంగు కరపత్రాల కట్ట, ఆరు గ్రామఫోను రికార్డులు. పోస్టర్లలో ఒకటి మాయాబజార్‌ది. అది విప్పగానే అమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

పెట్టెలో ఒక మూల చెదలు పట్టింది. నాలుగు పోస్టర్ల అంచులు తినేశాయి. మడతల దగ్గర ముట్టుకుంటే కాగితం పెళుసుగా విరుగుతోంది. ఫ్రేములు కట్టే షాపాయన లామినేషన్ చేయిస్తే వందేళ్లు ఉంటాయన్నాడు. రేపు సాయంత్రం ఇవ్వాలనుకుంటున్నాం. మా బావ ఫోటోలు తీసి ఎక్కడో పెడితే, మొత్తం పెట్టె కొంటామని ఎవరో ఫోన్ కూడా చేశారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి? మాయాబజార్ పోస్టర్ అసలు అప్పటిదేనా?

---

పాతకాగితం (హైదరాబాద్) | రాత్రి 9:52

లామినేషన్‌కి ఇవ్వకండి. మిగతాది వివరంగా రాస్తాను, ముందు ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పండి.

---

పాతకాగితం | రాత్రి 10:47

శ్రావణి గారూ, ఎందుకు వద్దంటున్నానో చెప్తాను.

2009లో ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల సంతలో నాకు దేవదాసు పోస్టర్ ఒకటి దొరికింది. మా నాన్నగారికి ఆ సినిమా అంటే ప్రాణం. ఆయన షష్ఠిపూర్తికి ఇద్దామని లామినేషన్ చేయించాను. వేడి రోలర్ల మధ్య నుంచి బయటికి వచ్చేసరికే మడతల దగ్గర బుడగలు లేచాయి. అప్పటికి బాగానే ఉందనుకున్నాం. రెండు మూడేళ్లలో ప్లాస్టిక్ పసుపు తిరిగింది. అంచు ఒకచోట విడిపోతే సరిచేద్దామని కాస్త లాగాను. ప్లాస్టిక్‌తో పాటు రంగు కూడా పొరలా లేచి వచ్చేసింది. సరిగ్గా మొహం దగ్గర. ఆ వేడి జిగురు కాగితంలోకి ఇంకిపోతుంది, మళ్లీ వెనక్కి తీసే దారి లేదు. కాగితంలో ఉన్న ఆమ్లం ఎక్కడికీ పోదు, లోపల దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. నాన్నగారు ఒక్క మాట కూడా అనలేదు. ఆ పోస్టర్ ఇప్పటికీ మా గోడ మీదే ఉంది, నేను మాత్రం దాని వైపు చూడలేను.

ఈ రాత్రికి చేయాల్సినవి ఇవి. చెదలు తగిలిన కాగితాలను మిగతావాటి నుంచి విడిగా పెట్టండి. ఆ ట్రంకుపెట్టెలో తిరిగి ఏదీ పెట్టకండి. ఎండలో ఆరబెట్టకండి, ఇస్త్రీపెట్టె అసలు వద్దు. చిరిగినచోట సెల్లోటేప్ అంటించకండి. దాని జిగురు గోధుమరంగు మరకై కాగితం అవతలి వైపుకి దిగుతుంది. విరుగుతున్న మడతల్ని బలవంతంగా విప్పకండి. ఉతికిన కాటన్ దుప్పటి పరిచి దాని మీద పెట్టి, పైన ఇంకో దుప్పటి కప్పండి చాలు.

కలరా ఉండలు కాగితానికి తగిలేలా వేయకండి. పురుగు ఇంకా బతికే ఉందని అనుమానం ఉంటే, ఆ కాగితాల్ని గాలి దూరని కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచొచ్చు. బయటికి తీశాక కవర్‌ని ఒక రోజంతా విప్పకూడదు. చల్లటి కాగితం మీద తేమ పట్టి అట్టకట్టుకుపోతుంది.

---

గాంధీనగర్_బాబాయ్ (విజయవాడ) | జనవరి 18, ఉదయం 6:15

అమ్మా శ్రావణీ, డేరా హాలు అనే మాట చదివి పొద్దున్నే మనసు ఎటో వెళ్లిపోయింది. గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా చేసినవాణ్ణి. ఫిలిం పెట్టెతో పాటు బస్సెక్కి ఊరూరా తిరగడం, హాలు దగ్గర కూర్చుని టికెట్లు లెక్క చూసుకోవడం, రోజూ రాత్రి డి.సి.ఆర్. రాసి ఆఫీసుకు పంపడం నా పని. డి.సి.ఆర్. అంటే ఆ రోజు కలెక్షన్ లెక్క.

పోస్టర్లు మీ తాతగారి దగ్గర ఎలా మిగిలాయో చెప్తాను. ప్రింటుతో పాటు పోస్టర్ల కట్ట కూడా ఇచ్చేవాళ్లం. వచ్చినవి వచ్చినట్టు గోడలకెక్కేవి. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, చీపురు లాంటి బ్రష్షుతో పూసేవాళ్లు. వానొస్తే ఊడిపోయేది, లేదంటే ఆవులు లాగి తినేవి. సినిమా మారితే పాతదాని మీదే కొత్తది. అందుకే ఇన్ని వేల పోస్టర్లు అచ్చయినా మిగిలింది ఇంత తక్కువ. మిగిలినవన్నీ గోడ ఎక్కనివే. వాన పడో, ఆట రద్దయ్యో, ఎవరో ఒకరు ఇష్టపడి దాచుకునో మిగిలినవి.

ఒక సంగతి మనసులో పెట్టుకో. సి సెంటర్లకి, అంటే చిన్న ఊళ్ల హాళ్లకి, డేరా హాళ్లకి ప్రింటు చేరేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టేది. మాయాబజార్ లాంటివి మళ్లీ మళ్లీ రిలీజయ్యేవి, ప్రతిసారీ కొత్త పోస్టర్లు వేసేవాళ్లు. కాబట్టి నీ పోస్టర్ మొదటి విడుదలది కాకపోయినా నకిలీ అని అనుకోకు.

---

ఓరుగల్లు_వేణు | ఉదయం 10:20

బాబాయ్ గారి మాటకి నాది కొంచెం కలుపుతాను. నేను ముఖ్యంగా పాటల పుస్తకాలు, కరపత్రాలు సేకరిస్తాను. అందరి కళ్లూ పోస్టర్ మధ్యలో ఉన్న బొమ్మ మీద ఉంటాయి. తేదీ మాత్రం అంచుల్లో ఉంటుంది. చిన్న అక్షరాలు చదవండి.

మొదట ధర చూడండి. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. మాయాబజార్ తెలుగులో విడుదలైంది అదే ఏడాది మార్చి 27న. మధ్యలో ఐదు రోజులే! మీ కట్టలో మాయాబజార్ పాటల పుస్తకం ఉండి, దాని మీద ధర అణాల్లో ఉంటే, మొదటి విడుదలకి అచ్చేసినదయ్యే అవకాశం చాలా ఎక్కువ. నయా పైసల్లో ఉంటే ఆ తర్వాతిది. '12 న.పై.' అని విచిత్రమైన ధర కనిపిస్తే కంగారు పడకండి, పాత రెండు అణాలకి అది సమానం. 'నయా' అన్న మాటని 1964 జూన్ 1 నుంచి తీసేశారు. ఉత్త 'పైసలు' అని ఉంటే ఇంకా తర్వాతి కాలం.

తర్వాత చిరునామా. 'మద్రాసు-26', 'మద్రాసు-17' అని రెండంకెలతో ఉంటే పిన్‌కోడ్ రాకముందుది కావచ్చు. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే మాత్రం 1972 ఆగస్టు 15కి ముందుది కానే కాదు. యు/ఏ సర్టిఫికెట్ గుర్తు కనబడితే 1983 తర్వాతిది. డిజైనర్ సంతకం కూడా చూడండి. ఈశ్వర్ గారు పబ్లిసిటీ డిజైనర్‌గా మొదలుపెట్టింది 1967లో సాక్షి సినిమాతో. 1950ల సినిమా పోస్టర్ మీద ఆయన సంతకం ఉంటే అది రీ-రిలీజ్ పోస్టర్. ఆ కారణానికి దాన్ని తక్కువగా చూడకండి, ఆయన కుంచె విలువ వేరే.

అంచులు చిరిగి పేరు పోయిన పోస్టరైతే బొమ్మలే ఆధారం. మాయాబజార్ తమిళంలో కూడా తీశారు, రెండు వారాల తేడాతో విడుదలైంది. కృష్ణుడిగా ఎన్టీఆర్, శశిరేఖగా (తమిళంలో ఆ పాత్ర పేరు వత్సల) సావిత్రి, ఘటోత్కచుడిగా ఎస్వీఆర్ రెంటిలోనూ ఉంటారు. అభిమన్యుడు నాగేశ్వరరావు అయితే తెలుగు, జెమినీ గణేశన్ అయితే తమిళం.

ఇక కొత్తగా ప్రింటు తీసి పాతదని అమ్మేవి. సినిమా నలుపు తెలుపే అయినా పోస్టర్ రంగుల్లోనే ఉండేది, ఆ రంగులు ఆర్టిస్టు వేసినవి. 2010లో వచ్చిన రంగుల మాయాబజార్ స్టిల్స్‌తో చేసిన పోస్టర్‌ని 1957ది అని అమ్మబోతే నేనే ఒకసారి ఆపాను. భూతద్దం పెట్టి చూడండి. పాత లితో అచ్చులో, అంటే రాయి మీదో లోహపు రేకు మీదో బొమ్మ వేసి తీసే అచ్చులో, రంగు గీతలుగా, గరుకు మరకలుగా కనిపిస్తుంది. ఇంక్‌జెట్ అయితే సన్నని ఇసుక చల్లినట్టు రంగురంగుల చుక్కలు. పాత పోస్టర్ కాగితం పలచగా, ఒకవైపు నునుపుగా, వెనక గరుకుగా ఉంటుంది. నోట్లు చెక్ చేసే నీలం లైటు కింద కాగితం తెల్లగా మెరిసిపోతే అనుమానించాల్సిందే.

---

రమణి_న్యూజెర్సీ | ఉదయం 11:05

రికార్డుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మా నాన్నగారి 78 ఆర్‌పీఎం రికార్డులు రెండు వందల దాకా గుంటూరు నుంచి ఇక్కడికి తెచ్చుకున్నాను. అవి లక్కతో చేసినవి. స్పిరిట్, శానిటైజర్ లాంటివి పెట్టి తుడిస్తే పైపొర కరిగి పాట పోతుంది. మెత్తటి గుడ్డని కొంచెం సబ్బు నీళ్లలో పిండి, గాడి వెంట గుండ్రంగా తుడవండి. మధ్యలో ఉన్న కాగితం లేబుల్ తడవకూడదు. ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, పుస్తకాల్లా నిలబెట్టండి. కింద పడితే పింగాణీ పళ్లెంలా పగులుతాయి. నా దగ్గర అలా పోయింది ఒకటే, కానీ అది మా అమ్మకి ఇష్టమైన పాట.

---

సేకరణ_సత్యం (రాజమండ్రి) | మధ్యాహ్నం 1:30

నేను కొనేవాణ్ణే, అందుకే సూటిగా చెప్తాను. మొత్తం పెట్టె కలిపి ఒకే రేటుకి ఎవరికీ ఇవ్వకండి. అలా అడిగేవాళ్లకి లోపల ఏముందో మీకంటే బాగా తెలుసు. ముందు ప్రతి కాగితానికీ రెండు వైపులా ఫోటో తీసి, నంబరు వేసి, నోట్‌బుక్‌లో రాసుకోండి. నంబరు కాగితం మీద వేయకూడదు, కవరు మీదే.

ధర విషయానికొస్తే మొదటి విడుదల పోస్టర్‌కీ రీ-రిలీజ్ పోస్టర్‌కీ చాలా తేడా ఉంటుంది. రీ-రిలీజ్‌వి నేను మామూలుగా తీసుకోను. మంచి పోస్టర్ అయితే వెనక సన్నని గుడ్డ అంటించి, అంటే లైనింగ్ చేయించి, ఫ్రేము కట్టిస్తాను. చిరుగులన్నీ సర్దుకుంటాయి. మైదా కాదు, శుద్ధి చేసిన గోధుమ గంజితో చేయాలి. కావాలంటే మళ్లీ నీళ్లతో ఊడదీయొచ్చు.

---

గాంధీనగర్_బాబాయ్ | మధ్యాహ్నం 2:10

సత్యం గారూ, మీ సలహా మంచిదే. కానీ రీ-రిలీజ్ అంటే తక్కువ అన్న లెక్క నేను ఒప్పుకోను. బెజవాడలోనో మద్రాసులోనో మొదటి వారం చూసినవాళ్లు ఎంతమంది? పల్లెటూళ్లో నేల మీద కూర్చుని మాయాబజార్ చూసిన జనం అంతకు ఎన్నో రెట్లు. వాళ్లు చూసిన పోస్టర్ ఇదే. ఆ జనానికి మొదటి విడుదల అంటే ఊళ్లో డేరా లేచిన రోజే.

---

సేకరణ_సత్యం | మధ్యాహ్నం 2:25

మార్కెట్ సంగతి చెప్పాను బాబాయ్ గారూ. మీరన్నది కాదనలేను.

---

శ్రావణి_తెనాలి | జనవరి 19, రాత్రి 8:30

అందరికీ చాలా చాలా థాంక్స్. లామినేషన్ మానేశాం. పెద్ద గదిలో దుప్పట్లు పరిచి అన్నీ పెట్టాం. నిన్న, ఇవాళ నేనూ అమ్మా కూర్చుని వేణు గారు చెప్పినట్టు అంచులన్నీ చదివాం.

మాయాబజార్ పాటల పుస్తకం ఉంది! ధర అణాల్లోనే. అట్ట మీద ఒక మూల టీ గ్లాసు మరక, లోపల పేజీలు బాగానే ఉన్నాయి. కథ సగం చెప్పి, మిగతాది వెండితెర మీద చూడమని ఆపేశారు. అమ్మ అది చదివి నవ్వింది, చిన్నప్పుడు ఆ చివరి మాట అందరూ ఒకే గొంతుతో చదివేవాళ్లట. పిన్నులు తుప్పు పట్టి చుట్టూ కాగితం ఎర్రబడింది.

పోస్టర్ మాత్రం 1957ది కాదు. కింద అడ్రస్‌లో ఆరంకెల పిన్‌కోడ్ ఉంది. ఒక్క నిమిషం బాధేసింది.

తర్వాత సత్యం గారు చెప్పారని వెనకవైపు ఫోటో తీద్దామని తిప్పాం. వెనకంతా పెన్సిల్‌తో రాత. తాతగారిది. గీతలు కొట్టి గడులు చేసి రాశారు. కనిపించినంత వరకు ఉన్నది ఉన్నట్టు పెడుతున్నాను.

చెరుకుపల్లి
14-11-77 నే 212 బెం 61 కు 18
15-11-77 నే 240 బెం 70 కు 22
16-11-77 నే 188 బెం 54 కు 11
17-11-77 నే 131 బెం 30 కు 6
18-11-77 ముసురు. నే 40. రెం.ఆ. లేదు
19-11-77 గాలి

ఆ తర్వాత ఏమీ లేదు. గడులు గీసి ఉన్నాయి, ఖాళీగా.

---

గాంధీనగర్_బాబాయ్ | రాత్రి 8:51

అమ్మా. నే అంటే నేల, బెం అంటే బెంచి, కు అంటే కుర్చీ. రెం.ఆ. అంటే రెండో ఆట.

19-11-77 దివిసీమ ఉప్పెన రాత్రి.

---

పాతకాగితం | రాత్రి 9:04

చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. రేపల్లె వైపు కూడా ఆ తుఫాను ఎలా కొట్టిందో మా పెద్దవాళ్లు చెప్పగా విన్నాను.

శ్రావణి గారూ, ఈ పోస్టర్‌కి లైనింగ్ చేయించొద్దు. వెనక గుడ్డ అంటిస్తే ఆ రాత కనబడకుండా పోతుంది. గంజి తడికి పెన్సిల్ గీత కూడా చెదిరే ప్రమాదం ఉంది. రెండువైపులా కనిపించే పాలియెస్టర్ కవరు చేయించండి. పీవీసీ కాకుండా చూసుకోండి, అది కాలం గడిచేకొద్దీ జిగటగా మారి కాగితానికి అంటుకుంటుంది. చిరుగులకి వెనక నుంచి అక్కడక్కడ మాత్రమే, రాత లేనిచోట, సన్నని జపాన్ కాగితం పట్టీలు వేయించొచ్చు. అది తెలిసినవాళ్ల చేతే చేయించండి. పాటల పుస్తకానికి ఉన్న తుప్పు పిన్నుల్ని వెనక నుంచి కాళ్లు మెల్లగా పైకెత్తి తీసి, అవే రంధ్రాల్లో నూలు దారం కట్టండి. టీ మరకని ఏమీ చేయకండి.

---

సేకరణ_సత్యం | రాత్రి 9:20

శ్రావణి గారూ, నిన్న నేను రాసిన దాంట్లో రీ-రిలీజ్‌వి తీసుకోను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ పోస్టర్ ఎవరికీ అమ్మకండి, నాకు కూడా. ఫ్రేము కావాలంటే రెండువైపులా అద్దం ఉండేలా, కాగితం అద్దానికి తగలకుండా మధ్యలో అట్ట అంచు పెట్టి చేసేవాళ్లు ఇక్కడ నాకు తెలుసు. మీరు రాజమండ్రి వస్తే నేను దగ్గరుండి చేయిస్తాను. ఎండ పడని గోడకి తగిలించండి.

---

ఓరుగల్లు_వేణు | రాత్రి 9:42

కరపత్రాల కట్టలో చెరుకుపల్లి పేరు ఉన్నది ఏమైనా ఉందా? థియేటర్ పేరు, 'నేడే చూడండి' అని, తేదీ ఉంటే ఈ రాతకి జత అవుతుంది. డేరా హాలు కరపత్రాలు చాలా అరుదు, అవి ఊళ్లోనే చిన్న ప్రెస్సుల్లో అచ్చేయించేవాళ్లు.

---

శ్రావణి_తెనాలి | జనవరి 20, ఉదయం 7:10

రాత్రంతా అమ్మ నిద్రపోలేదు. నిన్న చెప్పని సంగతి ఇవాళ పొద్దున చెప్పింది. అప్పుడు తనకి పదకొండేళ్లు. 20వ తారీఖు సాయంత్రానికి తాతగారు నడిచి ఇంటికొచ్చారట, ఒంటి మీద తడి బట్టలతో. డేరా గుడ్డ, వాసాలు, కుర్చీలు ఏవీ మిగల్లేదు. ఆయన చేతిలో ఉన్నది ఈ ట్రంకుపెట్టె ఒక్కటే, నెత్తిన పెట్టుకుని తెచ్చారు. ఫిలిం రీళ్లు కూడా అందులోనే పెట్టి కాపాడారని, అవి ఆఫీసుకి తిరిగి పంపాక పెట్టె అటకెక్కించారని చెప్పింది. ఆ తర్వాత ఆయన మళ్లీ డేరా వేయలేదు.

వేణు గారూ, మీరడిగింది దొరికింది. గులాబీ రంగు కరపత్రం, 'నేడే చూడండి' అని పైన. చెరుకుపల్లి పేరు ఉంది, మాయాబజార్ పేరు ఉంది. ఒకేలాంటివి ముప్పై రెండు ఉన్నాయి, పంచనివి.

బాబాయ్ గారూ, ఒకటి మీకు పంపనా?

---

గాంధీనగర్_బాబాయ్ | ఉదయం 7:25

పంపమ్మా. మడత పెట్టకుండా, రెండు అట్టల మధ్య పెట్టి పంపు.